ఇంటి అప్పు, ఇంటి ఖర్చు: షరీఅత్ దృష్టిలో

తెలుగువారు అప్పు గురించి మాట్లాడుకునే మాటల్లో చాలా భాగం అరబ్బీ నుంచి ఫార్సీ, ఉర్దూల మీదుగా వచ్చి చేరినవే. జమ, వసూలు, బాకీ, కిస్తు - వీటిని పరభాషా పదాలని ఇప్పుడు ఎవరూ అనుకోరు. "బాకీ" అంటే అరబ్బీలో మిగిలినది అని అర్థం. దివ్య ఖుర్ఆన్ అల్ బఖరా అధ్యాయం 278వ వాక్యంలో, వడ్డీ కింద ఇంకా రావలసి మిగిలినదాన్ని వదులుకొనవలసిందని విశ్వాసులను ఆదేశించిన చోట ఉన్నది ఈ ధాతువే. "కిస్తు"కు మూలమైన "ఖిస్త్" అనే మాటకు న్యాయం అనీ, న్యాయంగా వచ్చే వాటా అనీ అర్థాలు. ఖుర్ఆన్ దానిని న్యాయం అనే అర్థంలో పలుచోట్ల వాడింది. నెలనెలా బ్యాంకు ఖాతాలోంచి వెళ్ళిపోయే సొమ్మును కిస్తు అంటున్నాం గనుక, అందులో అసలు ఎంత, వడ్డీ ఎంత, అది ఇంట్లో ఎవరిమీద ఎంత భారం మోపుతున్నది అని విచారించడం అసందర్భం కాదు.

ఈ విచారణకు వరంగల్లులోని కాశిబుగ్గను ఉదాహరణగా తీసుకుందాం. 1934లో ఏడవ నిజాం కాలంలో స్థాపితమై 2002లో మూతపడిన ఆజంజాహి మిల్లు, ఎనుమాముల వ్యవసాయ మార్కెట్టు, కొత్తవాడ జంపఖానాల మగ్గాలు - చుట్టుపక్కల పేటల సంపాదన చాలాకాలం ఈ మూడింటి చుట్టూ తిరిగింది. మిల్లు పోయింది. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది గాని, గుర్తింపు వేరు, మగ్గం మీద కూర్చున్నవాడి చేతికి వచ్చే కూలి వేరు. ఇప్పుడు ఇక్కడి బతుకుల్లో మార్కెట్టు సీజనుకున్న స్థానం పెద్దది. పత్తి, మిర్చి దిగే నెలల్లో హమాలీకి, గుమస్తాకు, ఆటో నడిపేవానికి, హోటలు పెట్టుకున్నవానికి నాలుగు డబ్బులు ఎక్కువ కనిపిస్తాయి. ఎండాకాలం ముదిరి వానాకాలం వచ్చేసరికి చేయి పొడిబారుతుంది. బ్యాంకు కిస్తు మాత్రం సీజను ఎరుగదు. పన్నెండు నెలలూ ఒకే తేదీన, ఒకే మొత్తం. సమస్య అంతా ఈ రెండింటి పొత్తు కుదరకపోవడంలో ఉన్నది.

అప్పు ఇప్పటికే నెత్తిన ఉన్నవారు

మొదటే ఒక మాట స్పష్టం చేసుకోవాలి. వడ్డీ తీసుకోవడమే కాదు, ఇవ్వడం కూడా నిషిద్ధమే. వడ్డీ తినేవానితోపాటు తినిపించేవానిని, పత్రం రాసేవానిని, సాక్షులను కూడా దైవప్రవక్త (స) శపించారని సహీహ్ ముస్లిం హదీసు చెబుతున్నది. ఇంటి కోసమే అయినా వడ్డీ అప్పు వద్దనీ, అందుకు ప్రత్యామ్నాయాలు వెతకాలనీ జిద్దాలోని అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ 1990లో తీర్మానించింది. ఐరోపాలో స్థిరపడిన ముస్లింల విషయంలో మాత్రం యూరోపియన్ ఫత్వా మండలి 1999లో కొన్ని షరతులతో, వేరే దారి లేనప్పుడు, సొంత నివాసం కోసం సడలింపు ఇచ్చింది. మన ఉపఖండపు ముఫ్తీలలో చాలామంది ఆ సడలింపును ఒప్పుకోలేదు.

అయితే భారతదేశంలో వడ్డీలేని గృహరుణం ఇచ్చే బ్యాంకు కోసం వెతికితే అది దొరకదు. రఘురామ్ రాజన్ అధ్యక్షతన ఏర్పడిన ఆర్థికరంగ సంస్కరణల సంఘం 2008లో వడ్డీలేని బ్యాంకింగును పరిశీలించమని సిఫారసు చేసింది. రిజర్వు బ్యాంకు ఆ ప్రతిపాదనను ముందుకు తీసుకుపోరాదని నిర్ణయించుకున్నట్లు 2017లో వెల్లడైంది. కనుక అద్దె ఇంట్లో విసిగి, ఫత్వా అడిగో అడగకో, బ్యాంకు గడప తొక్కినవారు ఎందరో ఉన్నారు. అప్పు తీసుకోవచ్చునా అనేది తీసుకోకముందు అడగవలసిన ప్రశ్న. తీసుకున్న తర్వాత మిగిలే ప్రశ్న, ఎంత త్వరగా, ఎవరికీ అన్యాయం చేయకుండా, బయటపడడం ఎలా అన్నదే. పశ్చాత్తాపంలో, చేసిన పని నుంచి వైదొలగడం కూడా ఒక భాగం గదా.

ఈ సందర్భంలో కొందరికి ఒక వ్యర్థభయం పట్టుకుంటుంది: వడ్డీ అప్పుతో కట్టిన ఇంట్లో నమాజు చెల్లుతుందా, ఆ ఇల్లు పిల్లలకు హలాలేనా అని. హనఫీ ఫిఖహ్ ప్రకారం ఖర్జ్‌కు చెల్లని షరతు తగిలిస్తే షరతే చెల్లకుండా పోతుంది గాని ఖర్జ్ చెల్లకుండా పోదు. అప్పుగా వచ్చిన సొమ్ము పుచ్చుకున్నవాని సొంతమవుతుంది, దానితో కొన్న ఇల్లూ అతనిదే. పాపం వడ్డీ ఒప్పందానిది, గోడలది కాదు.

బ్యాంకు వడ్డీ తప్పించుకోవాలని మరికొందరు "స్వాధీన తనఖా"కు దిగుతారు. సొమ్ము ఇచ్చినవాడు ఇంట్లో కిరాయి లేకుండా ఉంటాడు, సొమ్ము తిరిగి ముట్టిన రోజున ఇల్లు ఖాళీ చేస్తాడు. 1882 ఆస్తి బదిలీ చట్టం గుర్తించిన తనఖాలలో ఇదీ ఒకటి. వడ్డీ అనే మాట పత్రంలో ఎక్కడా కనిపించదు కాబట్టి ఇది ధర్మసమ్మతమే అని చాలామంది నమ్మకం. ఇది పొరపాటు. తాకట్టు పెట్టిన వస్తువును అప్పిచ్చినవాడు వాడుకోవడం, అందునా అదే వాడుకగా స్థిరపడిన చోట, వడ్డీతో సమానమేనని ఇబ్ను ఆబిదీన్ (మరణం 1836) వంటి హనఫీ పండితులు చర్చించారు. కిరాయి మినహాయింపే అక్కడి మిత్తి. తాకట్టు పెట్టడం మాత్రం తప్పు కాదు. అల్ బఖరా 283వ వాక్యం దానిని అనుమతించింది. దైవప్రవక్త (స) పరమపదించిన నాటికి ఆయన కవచం, ఇంటివారి తిండికోసం తీసుకున్న ముప్ఫై సాల బార్లీకి, ఒక యూదుని వద్ద తాకట్టులో ఉన్నది.

కిస్తు లోపల

లెక్క కోసం ఒక అప్పును ఊహిద్దాం. 12 లక్షల రూపాయలు, సాలుకు 9 శాతం, 20 ఏళ్ళు. నెలకు కిస్తు సుమారు 10,797 రూపాయలు వస్తుంది. మొదటి నెల కిస్తులో 9,000 రూపాయలు వడ్డీకే పోతుంది, అసలులో తగ్గేది 1,797 మాత్రమే. ఏడాదిపాటు ఒక్క కిస్తు తప్పకుండా కట్టినవాడు మొత్తం 1,29,560 రూపాయలు కట్టి ఉంటాడు, అతని అసలు తగ్గేది సుమారు 22,500. "ఏడాది కట్టినా అప్పు అక్కడే ఉన్నది" అనే ఫిర్యాదు బ్యాంకు మోసం వల్ల పుట్టినది కాదు, లెక్కే అంత. 20 ఏళ్ళూ ఇలాగే కడితే మొత్తం దాదాపు 25,91,000. అందులో వడ్డీ 13,91,000, అంటే తీసుకున్న అసలును మించినది.

ఇప్పుడు అదే మనిషి ప్రతి నెలా కిస్తుకు తోడు 3,000 రూపాయలు అసలులో జమ చేయిస్తే అప్పు 142 నెలల్లో, అంటే 12 ఏళ్ళు నిండకముందే తీరిపోతుంది. వడ్డీ సుమారు 7,51,000 దగ్గర ఆగుతుంది. దాదాపు 6,40,000 రూపాయలు చేతిలో మిగులుతాయి. ఇంకొక తీరు చూద్దాం. నెలనెలా వీలుకాదు గాని మొదటి ఏడాది చివర, మిర్చి సీజనులో, ఒకేసారి 50,000 చెల్లించాడనుకోండి. ఆ ఒక్క చెల్లింపుతో 23 నెలల కిస్తులు తప్పిపోతాయి. అప్పు మొదటి సంవత్సరాల్లో కట్టిన రూపాయికి ఉన్న బలం చివరి సంవత్సరాల్లో కట్టిన రూపాయికి ఉండదు. ఇది తెలియక, "పిల్లలు చదువుకుని కొలువుల్లో చేరాక ఒక్కసారి కట్టేస్తాం" అనుకునేవారు వడ్డీ అంతా కట్టేశాక అసలు కట్టడానికి సిద్ధమైనట్లే.

ఇక్కడ గమనించవలసిన విషయాలు రెండున్నాయి. మారే వడ్డీరేటు మీద వ్యక్తులు తీసుకున్న గృహరుణాన్ని ముందుగా తీర్చినందుకు బ్యాంకులు జరిమానా వసూలు చేయరాదని రిజర్వు బ్యాంకు 2012లోనే ఆదేశించింది. రెండవది, ముందస్తు సొమ్ము కట్టినప్పుడు "కిస్తు తగ్గించమంటారా, గడువు తగ్గించమంటారా" అని బ్యాంకులో అడుగుతారు. కిస్తు తగ్గితే నెల తేలికవుతుంది, గడువు తగ్గితే వడ్డీ ఎక్కువ తగ్గుతుంది. ఇల్లు గడవడమే కష్టంగా ఉన్నవారు తప్ప, గడువు తగ్గించమని రాతపూర్వకంగా కోరడమే మేలు. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి వరకు రెపో రేటు 4 నుంచి 6.5 శాతానికి పెరిగినప్పుడు, ఎందరికో కిస్తు మారకుండా గడువే పెరిగిపోయింది. కడుతున్నవారికి ఆ సంగతి తెలియనే లేదు. రేటు మారినప్పుడు కిస్తు పెంచుకోవాలా, గడువు పెంచుకోవాలా అన్నది అప్పుదారునే అడగాలని 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు చెప్పవలసి వచ్చింది. 2025లో రేట్లు తగ్గాయి. అలా తగ్గినప్పుడు పాత కిస్తునే కొనసాగించమని అడిగినవారికి, జేబులోంచి కొత్తగా ఒక్క రూపాయి తీయకుండానే, గడువు తగ్గుతుంది.

ఫిఖహ్ చదివినవారికి ఇక్కడ ఒక సందేహం రావడం సహజం. గడువుకు ముందే బాకీ తీర్చినవానికి కొంత తగ్గించడం, "తగ్గించు, త్వరగా పుచ్చుకో" అనే ఒప్పందం, పూర్వం నుంచీ వివాదగ్రస్తమే. హజ్రత్ ఇబ్ను అబ్బాస్ (రజి) దానిని అనుమతించారని, హజ్రత్ ఇబ్ను ఉమర్ (రజి) వంటివారు అయిష్టపడ్డారని ఉల్లేఖనాలున్నాయి. నాలుగు మజ్‌హబ్‌ల పండితులలో అధికసంఖ్యాకులు షరతుగా పెట్టుకుంటే కూడదన్నారు. ఇబ్ను తైమియా, ఇబ్నుల్ ఖయ్యిం అనుమతించారు. ముందుగా మాట అనుకోకుండా, ఇద్దరి మధ్యనే జరిగితే తప్పులేదని జిద్దా అకాడమీ 1992లో తీర్మానించింది. కాని బ్యాంకు గృహరుణానికి ఈ వివాదంతో నిజానికి సంబంధం లేదు. అక్కడ అసలులో పైసా కూడా తగ్గడం లేదు. రాబోయే వడ్డీ పుట్టకముందే ఆగిపోతున్నది, అంతే. గల్ఫు దేశాల్లో మురాబహా పద్ధతిన, వాయిదాల ధర నిర్ణయించుకుని ఇల్లు కొన్నవారికే ఆ చర్చ అవసరం. అక్కడ ధర మొత్తం బాకీయే గనుక, ముందే కట్టినంత మాత్రాన తగ్గింపు హక్కుగా రాదు. దుబాయిలోనో జిద్దాలోనో ఉన్న అన్నదమ్ముడి లెక్కను కాశిబుగ్గ బ్యాంకు లెక్కకు అన్వయించి గందరగోళపడేవారి కోసం ఇంత చెప్పవలసి వచ్చింది.

మూడు వేలు ఎక్కడివి?

లెక్కలో 3,000 రాయడం తేలిక, ఇంట్లోంచి తీయడం కష్టం. పైన చెప్పిన అప్పే ఉన్న ఒక కుటుంబాన్ని ఊహించి చూద్దాం. మార్కెట్టు కొట్లో గుమస్తా, అతని భార్య, ఇద్దరు పిల్లలు, వృద్ధురాలైన తల్లి. అతని జీతం 27,000. భార్య ఇంట్లో కుట్టుమిషను మీద సంపాదించేది సగటున 9,000. ఖర్చులో కిస్తు 10,800; బియ్యం, కిరాణా, పాలు, కూర, మాంసం 9,500; పిల్లల చదువు 4,000; కరెంటు, గ్యాసు, ఫోను 2,300; తల్లి మందులు, రాకపోకలు 2,400; బట్టలు, పండుగలు 1,500; చుట్టాలు, సదఖా 1,000; ఆపద కోసం పక్కన పెట్టేది 1,500. మొత్తం 33,000. మిగిలేది 3,000.

ఈ పద్దును చూసి, తిండిలో ఇంకొంచెం బిగిస్తే 5,000 కట్టవచ్చు గదా అనిపించే మగవారుంటారు. అల్ ఫుర్ఖాన్ అధ్యాయం 67వ వాక్యం సజ్జనుల ఖర్చును వర్ణిస్తూ, వారు దుబారా చేయరనీ, పిసినారితనమూ చూపరనీ, రెంటికీ నడుమ నిలకడగా ఉంటారనీ చెబుతుంది. మన ఉపన్యాసాల్లో మొదటి సగమే ఎక్కువగా వినిపిస్తుంది. రెండవ సగం కూడా వాక్యమే. అబూ సుఫ్యాన్ చేయి బిగువు గురించి ఆయన భార్య హింద్ బిన్తె ఉత్బా ఫిర్యాదు చేసినప్పుడు, తనకూ పిల్లలకూ ధర్మంగా సరిపోయినంత ఆయనకు చెప్పకుండానైనా తీసుకొమ్మని దైవప్రవక్త (స) అనుమతించారు. భార్యాపిల్లల పోషణ భర్త మీద ఉన్న బాకీ. బ్యాంకు బాకీ త్వరగా తీర్చాలన్న తాపత్రయంతో ఇంటివారి బాకీ ఎగ్గొట్టడం ఒక అన్యాయం నుంచి మరొక అన్యాయంలోకి పోవడమే అవుతుంది. తల్లి మందుల మీద, పిల్లల పాల మీద ఆదా చేసిన సొమ్ముతో తీరిన అప్పుకు సంతోషించవలసిందేమీ లేదు.

ఆదా చేయగల చోట్లు వేరే ఉన్నాయి. తెలంగాణ ఇళ్ళలో ఏడాదికి సరిపడా మిర్చి, చింతపండు, పప్పు సీజనులోనే కొని, కారం పట్టించి, ఎండాకాలంలో తొక్కులు పెట్టుకునే ఆనవాయితీ ఉన్నది. ఎనుమాముల మార్కెట్టు పక్కన ఉండి కూడా మిర్చిపొడి వంద గ్రాముల పొట్లాల్లో కొనడం ఇటీవలి అలవాటు. దైవప్రవక్త (స) తన ఇంటివారికి ఏడాదికి సరిపడా ఆహారం నిలువ చేయించేవారని సహీహ్ బుఖారీలో ఉన్నది గనుక, నిలువ పెట్టుకోవడం తవక్కుల్‌కు విరుద్ధమని శంకించవలసిన పని లేదు. అయితే ఏడాది సామాను ఒక్కసారి కొనడానికి చేతిలో సొమ్ముండాలి. సీజనులో అదనంగా వచ్చే ఆదాయానికి మొదటి హక్కు దీనిదే, ముందస్తు చెల్లింపుది తర్వాతిదే అనడం సబబు.

నిజానికి కుటుంబాల నడుం విరిచేది కారం, పప్పు కాదు, పెళ్ళి. చుట్టాల పెళ్ళికి పెట్టుబట్టలు, కానుకలు, ఫంక్షనుహాలు, వలీమాకు పిలవవలసినవారి జాబితా - ఏడాదిలో రెండు పెళ్ళిళ్ళు తగిలితే పైన రాసుకున్న 1,500 రూపాయల గీత ఏ మూలకూ రాదు. అప్పులో ఉన్నవాడు కానుక తగ్గించి ఇస్తే చిన్నతనం కాదని చుట్టాలు ఒప్పుకోవాలి, ముందుగా ఇంట్లోవాళ్ళే ఒప్పుకోవాలి.

ఆమె సొమ్ము

పై పద్దును మరొకసారి చూడండి. భర్త జీతం 27,000, ఇంటి ఖర్చు 33,000. ముందస్తు చెల్లింపుకు మిగిలిన 3,000 మాత్రమే కాదు, మామూలు ఖర్చులో 6,000 కూడా భార్య కుట్టుపని నుంచే వస్తున్నది. షరీఅత్ ప్రకారం ఆమె సంపాదన ఆమెదే. ఇంటి ఖర్చుకు ఇవ్వవలసిన బాధ్యత ఆమె మీద లేదు. ఇస్తే అది ఆమె ఔదార్యం. ఇల్లు మాత్రం చాలాచోట్ల భర్త ఒక్కని పేరిటే రిజిస్టరు అయి ఉంటుంది. పన్నెండేళ్ళు నెలకు 3,000 ఇచ్చిన స్త్రీ నాలుగు లక్షలకు పైగా ఆ ఇంట్లో పెట్టినట్లు లెక్క. భర్త చనిపోతే వారసత్వంలో ఆమెకు వచ్చేది, పిల్లలుంటే, ఎనిమిదవ వంతు. తాను కట్టిన ఇంట్లో తనకు ఎనిమిదవ వంతు అని అప్పుడు తెలుసుకోవడం బాధాకరం.

దీనికి మార్గం కష్టమైనది కాదు. ఆమె ఇచ్చే సొమ్ము మూడింటిలో ఏదో ఒకటి అవుతుంది. భర్తకు కానుక కావచ్చు, భర్తకు ఇచ్చిన ఖర్జ్ కావచ్చు, లేదా ఇంట్లో వాటా. ఏదన్నది ఇచ్చేనాడే ఇద్దరూ మాట్లాడుకుని రాసుకోవాలి. ఖుర్ఆన్‌లోని వాక్యాలన్నిటిలో పొడవైనది, అల్ బఖరా 282వది, అప్పు రాసుకోవడం గురించే. మొత్తం చిన్నదైనా పెద్దదైనా రాయడానికి విసుగుచెందవద్దని అందులోనే ఉన్నది. మొగుడూపెళ్ళాల మధ్య కాగితాలేమిటి అనే మాట వినడానికి బాగుంటుంది గాని, ఆ వాక్యం భార్యాభర్తలను మినహాయించలేదు.

ఆమె బంగారం విషయమూ అంతే. నగలమ్మి అసలులో 50,000 కడితే 23 నెలలు తగ్గుతాయన్న లెక్క నిజమే. మెహర్ గురించి అన్నిసా అధ్యాయం 4వ వాక్యం పెట్టిన షరతు కూడా నిజమే: స్త్రీలు మనస్ఫూర్తిగా ఇచ్చినదే భర్తకు హలాల్. అత్తగారి ముందు అడిగి, కాదనలేని స్థితిలో పెట్టి తీసుకున్న నగను మనస్ఫూర్తి అనలేము.

ఏ బాకీ ముందు?

బ్యాంకు అప్పు ఒక్కటే ఉండే ఇల్లు అరుదు. కొట్లో ఖాతా, బంగారం మీద అప్పు, చేబదులు, నూటికి రెండు రూపాయల మిత్తికి తెచ్చినది - ఇవి కూడా ఉంటాయి. నూటికి నెలకు రెండు రూపాయలంటే సాలుకు 24 శాతం. దాన్ని అలాగే ఉంచి 9 శాతం బ్యాంకు అప్పును ముందుగా తీర్చడం లెక్కకూ నిలవదు, ధర్మానికీ నిలవదు. వేలంపాట చిట్టీ ఎత్తి బ్యాంకుకు కట్టడం కూడా ఇలాంటిదే. పాటలో వదులుకున్న సొమ్ము మిగిలినవారికి లాభంగా పంచే పద్ధతిని చాలామంది ముఫ్తీలు వడ్డీ కిందనే లెక్కగట్టారు. పాట లేకుండా, చీటీ తీసి, అందరికీ సమానమొత్తం ఇచ్చే కమిటీల విషయం వేరు. అవి పరస్పర ఖర్జ్.

అన్నిటికంటె అన్యాయానికి గురయ్యేది వడ్డీలేని అప్పు. మిత్రుడో, మేనమామో మిత్తి లేకుండా ఇచ్చినది "ఎటూ పెరగదు గదా" అని చివరికి నెట్టేస్తారు. పెరిగే అప్పు ముందు, పెరగనిది వెనుక అన్నది బ్యాంకు తర్కం. శక్తి ఉండీ బాకీ ఆలస్యం చేయడం దౌర్జన్యమని హదీసు చెబుతుంటే, అందులో వడ్డీ ఉన్న బాకీ, లేని బాకీ అన్న భేదం లేదు. ఖర్జె హసన్ ఇచ్చినవానికి మాట ఇచ్చిన తేదీన ముట్టకపోతే రెండోసారి ఎవరికీ ఇవ్వడు. మన పేటల్లో ఖర్జె హసన్ అరుదైపోవడానికి ఇచ్చేవారి లోభం ఒక్కటే కారణమనడం న్యాయం కాదు.

హైదరాబాదు రాజ్యంలో వడ్డీలేని రుణసంఘాలకు పాత చరిత్ర ఉన్నది. హైదరాబాదులో పుట్టి పారిస్‌లో స్థిరపడిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా (1908-2002) ఆ సంఘాల గురించి ప్రపంచానికి తెలిసేటట్లు రాశారు. 1966లో హైదరాబాదులో ఏర్పడిన తూర్ బైతుల్ మాల్ బంగారం కుదువ పెట్టుకుని వడ్డీ లేకుండా చిన్న అప్పులిచ్చే పద్ధతిని నిలబెట్టింది. ఇలాంటి అప్పులతో ఇల్లు కొనలేరు. కాని జూన్ నెలలో బడి ఫీజులు, వానాకాలపు ఖాళీ చేయి కలిసి వచ్చినప్పుడు కిస్తు తప్పకుండా, మిత్తివ్యాపారి దగ్గరికి పోకుండా గట్టెక్కడానికి ఇవి చాలు. కిస్తు తప్పడం చిన్న విషయం కాదు. 90 రోజులు బాకీ పడితే బ్యాంకు ఆ ఖాతాను మొండిబాకీగా వర్గీకరిస్తుంది, ఆపైన 2002 సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు ఇచ్చి ఇంటిని స్వాధీనం చేసుకునే అధికారం దానికి ఉన్నది. కాబట్టి మూడు నెలల కిస్తులంత సొమ్ము విడిగా సమకూరేదాకా ముందస్తు చెల్లింపు మొదలుపెట్టకపోవడమే వివేకం. బ్యాంకులో కట్టేసిన ముందస్తు సొమ్మును ఆపద వచ్చిందని తిరిగి అడిగితే ఇవ్వరు.

పన్ను మినహాయింపు పోతుందని ముందస్తు చెల్లింపు వద్దనే సలహాదారులున్నారు. స్వయంగా నివసించే ఇంటి వడ్డీకి కొత్త పన్ను విధానంలో మినహాయింపే లేదు. పన్ను పరిధిలోకే రాని గుమస్తాకు ఆ సలహా అసలే వర్తించదు.

జకాత్ గురించి తరచుగా అడుగుతారు. 12 లక్షల అప్పు ఉన్నది గనుక మామీద జకాత్ లేదని తేల్చేసుకునేవారు ఉన్నారు. హనఫీ మజ్‌హబ్‌లో అప్పును మినహాయించడం ఉన్నమాట నిజమే గాని, ఏళ్ళ తరబడి సాగే కిస్తుల అప్పు విషయంలో, మొత్తం కాక ఆ ఏడాది చెల్లించవలసిన కిస్తులను మాత్రమే మినహాయించాలని ఇప్పటి ముఫ్తీలలో చాలామంది అభిప్రాయం. భార్య బంగారం మీద జకాత్ భార్య లెక్క. భర్త అప్పును అందులోంచి తీసివేయరాదు.

చెప్పని అప్పు

దైవప్రవక్త (స) ఒకరి జనాజాకు వచ్చి, మృతుడు బాకీ ఉన్నాడని, తీర్చడానికి ఏమీ విడిచిపోలేదని తెలిసి, తాము నమాజు చేయించకుండా సహచరులను చేసుకొమ్మన్నారు. హజ్రత్ అబూ ఖతాదా (రజి) ఆ కొద్ది దీనార్ల పూచీ తన మీద వేసుకున్నాకనే ముందుకు వచ్చారు. ఈ హదీసు అందరికీ తెలిసినదే. హజ్రత్ జుబైర్ బిన్ అవ్వామ్ (రజి) ఉదంతం అంతగా తెలియదు. హి. శ. 36లో జమల్ యుద్ధం నాడు ఆయన తన కుమారుడు అబ్దుల్లాను పిలిచి, తన మీద ఉన్న అప్పు గురించే ఎక్కువగా దిగులుపడ్డారు. లెక్క చూస్తే అది 22 లక్షలని తేలింది. హకీం బిన్ హిజామ్ అడిగినప్పుడు అబ్దుల్లా మొదట లక్ష అని చెప్పారు. లక్ష విన్నందుకే ఆయన మీ ఆస్తి దీనికి చాలదేమో అని సందేహించారు. అప్పుడు అసలు సంఖ్య బయటపెట్టక తప్పలేదు. జుబైర్ లక్షా డెబ్భై వేలకు కొన్న గాబా భూమిని అబ్దుల్లా పదహారు లక్షలకు అమ్మి బాకీలన్నీ తీర్చారు. తీర్చాక కూడా, బాకీ ఉన్నవారెవరైనా రావచ్చని నాలుగేళ్ళు హజ్ సమయంలో చాటించి, ఆ తర్వాతనే వారసులకు పంచారు.

సహీహ్ బుఖారీలోని ఈ ఉదంతంలో అప్పు పెద్దదే, కాని తండ్రి కొడుకుకు చెప్పాడు. మన ఇళ్ళలో అప్పు చిన్నదే, ఎవరికీ చెప్పరు. ఇంటి అప్పు ఎంత మిగిలి ఉన్నది, ఏ బ్యాంకు శాఖలో, రుణానికి బీమా ఉన్నదా, చేబదులు ఎవరికి ఎంత - ఇవన్నీ ఒక నోటుపుస్తకంలో రాసి, ఆ పుస్తకం ఎక్కడున్నదో భార్యకు, ఎదిగిన పిల్లలకు తెలిసేలా ఉంచితే చాలు. ఖుర్ఆన్ వారసుల వాటాలు చెబుతూ, వసీయత్, అప్పు తీరిన తర్వాత అనే మాటను తిరిగి తిరిగి చెప్పింది. అప్పు ఎంతో తెలియని ఇంట్లో ఆ ఆదేశం అమలయ్యేది ఎలా?

చివరి కిస్తు కట్టిన రోజుతో పని పూర్తి కాదు. అప్పు పూర్తిగా తీరిన 30 రోజుల్లోగా అసలు దస్తావేజులు తిరిగి ఇవ్వాలనీ, తమ వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున పరిహారం చెల్లించాలనీ రిజర్వు బ్యాంకు ఆదేశం 2023 డిసెంబరు 1 నుంచి అమలులో ఉన్నది. అప్పు తీసుకున్ననాడు బ్యాంకు ఇచ్చిన పత్రాల జాబితాను దగ్గర పెట్టుకుని, లింకు దస్తావేజులతో సహా ఒక్కొక్కటి సరిచూసి సంతకం చేయాలి. బాకీ లేదన్న పత్రం తీసుకోవాలి. దస్తావేజుల డిపాజిట్ తనఖా సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో నమోదై ఉంటే దాని రద్దును కూడా నమోదు చేయించి, కొత్త ఇ.సి. తీసి చూసుకోవాలి. భార్య సొమ్మును వాటాగా రాసుకున్నవారు ఆమె పేరు దస్తావేజులో చేర్పించవలసిందీ, ఖర్జ్‌గా రాసుకున్నవారు ఆమెకు కిస్తులు మొదలుపెట్టవలసిందీ ఆ నెల నుంచే.